గడ్డిమోపులో తూటాలు

హిమాయత్‌నగర్‌లో మఖ్దూం భవన్ ముందునుంచి వెళ్ళినప్పుడల్లా ఒక ప్రశ్న నన్ను వదలదు. తెలంగాణ సాయుధ పోరాటంలో (1946-51) తుపాకి పట్టిన ఆడపిల్లల పేర్లు ఎక్కడున్నాయి? 2024లో కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. సంతోషమే. మరి దళాల వెంట అడవుల్లో తిరిగినవాళ్ళు?

ఇరవై ఏళ్ళు నిండకుండానే దళాన్ని నడిపిన మల్లు స్వరాజ్యం పేరు మనకు తెలుసు. మిగిలినవాళ్ళని స్త్రీశక్తి సంఘటన వెతికి వెతికి పలకరించేదాకా అడిగిన నాథుడు లేడు. ‘మనకు తెలియని మన చరిత్ర’ 1986లో వచ్చింది. సోవియట్ స్త్రీ సైనికుల మాటలతో స్వెత్లానా అలెక్సీవిచ్ పుస్తకం వచ్చింది అంతకు ముందు ఏడాదే. ఒకరి గురించి ఒకరికి తెలియకుండానే రెండుచోట్లా ఆడవాళ్ళు ఒకే పని చేశారు.

వీరగాథల్లో చోటు దొరకని మాటలు ఆ పుస్తకంలో ఉన్నాయి. అడవిలో కాన్పులు, సహచరుల అనుమానపు చూపులు. దళంలో ఉండాలంటే కమలమ్మ తన పసిబిడ్డని వదులుకోవాల్సి వచ్చింది. పసివాడి ఏడుపు దళం ఆచూకీ చెప్పేస్తుంది కదా! ఆ పేజీలు నేను ఇప్పటికీ ఒక్క బిగిన చదవలేను.

1951 అక్టోబరులో పోరాటం విరమించారు. మరుసటి ఏడాది ఎన్నికల్లో రావి నారాయణరెడ్డి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో లోక్‌సభకి వెళ్ళారు. ఆరుట్ల కమలాదేవి శాసనసభకి వెళ్ళారు. చాలామంది ఆడవాళ్ళు మాత్రం తిరిగి పొయ్యి దగ్గరికే చేరారు. తుపాకి పట్టిన చేతులకి గరిటె ఇవ్వడానికి ఎవరూ ఒక్క క్షణం కూడా తటపటాయించినట్టు లేదు.

మా పెద్దమ్మ తుపాకి పట్టలేదు. “నేనేం జేసిన బిడ్డా, బువ్వ వండి పెట్టిన, గంతే” అనేది. గుచ్చి గుచ్చి అడిగితే గడ్డిమోపులో దాచి తూటాలు చేరవేసిన సంగతి బయటపడింది. సాయుధ పోరాటం అంటే ఆయుధం పేల్చినవాళ్ళదేనా? మోసినవాళ్ళది కాదా? ఆ లెక్క రాసిందెవరో గానీ, పెద్దమ్మ కూడా దాన్నే నమ్మింది.

“దించేటప్పుడు సప్పుడు గావొద్దు గద, మెల్లగ వంగి దించేదాన్ని” అని చెప్పింది. పోయేదాకా నీళ్ళబిందె కూడా అట్లాగే దించేది, చప్పుడు కాకుండా.