చదువుంది, చిరునామా లేదు

సాకచీ గోల్‌చక్కర్ దగ్గర షేర్ ఆటో ఎక్కి బిర్సానగర్ అంటే డ్రైవర్ అడిగే మొదటి ప్రశ్న, జోన్ నంబర్ ఎంత? వీధి పేర్లు, ఇంటి నంబర్లు ఇక్కడ పెద్దగా పనికిరావు. ఊరంతా జోన్ల లెక్కే. దారిలో మొదట చెట్ల నీడన కంపెనీ క్వార్టర్లు, మంచి రోడ్లు కనిపిస్తాయి. తర్వాత రోడ్డు సన్నబడుతుంది. రేకుల ఇళ్లు, వాటి పక్కనే రెండంతస్తుల డాబాలు, ఫొటోకాపీ షాపులు, కోచింగ్ సెంటర్ల బ్యానర్లు వస్తాయి. జంషెడ్‌పూర్‌లో టాటాల నగరం ఎక్కడ ఆగి బస్తీ ఎక్కడ మొదలవుతుందో చెప్పడానికి సరిహద్దు రాయి అక్కర్లేదు.

ఆదివారం నాడు ఈ పేట మరోలా ఉంటుంది. సండే మార్కెట్‌లో కూరగాయల గుట్టల మధ్య హిందీ, బెంగాలీ, ఒడియా, సంతాలీ వినిపిస్తాయి. చెవి ఒగ్గితే శ్రీకాకుళం యాసలో తెలుగు కూడా. ఈ భాషల పిల్లలందరూ సోమవారం పొద్దున ఒకే ఆటోలో ఇరుక్కుని సాకచీకో, బిష్టుపూర్‌కో కాలేజీకి వెళతారు. వాళ్లలో కొందరికి కాలేజీ ఫీజులో కొంత తిరిగొస్తుంది, కొందరికి రాదు. ఆ తేడా మార్కుల వల్ల వచ్చింది కాదు.

పేరు పెట్టిన మనిషి కథలోనూ చదువుంది. ఉలిహాతులో 1875లో పుట్టిన బిర్సా ముండా కొన్నేళ్లు చాయిబాసాలోని జర్మన్ మిషన్ పాఠశాలలో చదివి మధ్యలోనే బయటికి వచ్చేశాడు. ఆ తర్వాత జరిగింది చరిత్ర. బ్రిటిష్ పాలన మీద, దికూల మీద తిరుగుబాటు చేసి, పాతికేళ్లు నిండకుండానే 1900 జూన్ 9న రాంచీ జైలులో కన్నుమూశాడు. ఆయన పుట్టిన నవంబర్ 15నే 2000లో జార్ఖండ్ రాష్ట్రం ఏర్పడింది. ఆయన చదువుకోవడానికి వెళ్లిన చాయిబాసాలో 2009లో కొల్హాన్ విశ్వవిద్యాలయం వెలిసింది. జంషెడ్‌పూర్‌లోని చాలా డిగ్రీ కాలేజీలు దాని కిందివే.

తెలుగువాళ్లు ఇక్కడికి చదువు కోసం రాలేదు. 1907లో టాటా కంపెనీ పుట్టి, 1912లో ఉక్కు పోయడం మొదలుపెట్టాక గంజాం, శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి కూలీలు, మేస్త్రీలు, ఫిట్టర్లు తరలివచ్చారు. కద్మాలో ఆంధ్ర అసోసియేషన్, బిష్టుపూర్‌లో రామ మందిరం వాళ్లు కట్టుకున్నవే. కంపెనీలో ఉద్యోగం తండ్రి నుంచి కొడుక్కి దక్కే రోజుల్లో డిగ్రీ అలంకారమే. మెట్రిక్ పాసై అప్రెంటిస్‌గా చేరితే బతుకు గడిచిపోయేది. 1921 నాటి జంషెడ్‌పూర్ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్, ఇప్పటి శావక్ నానావతీ సంస్థ, ఆ లెక్కన తరతరాల కార్మికుల కాలేజీ.

1990ల్లో ఆ లెక్క తప్పింది. టాటా స్టీల్ ఉద్యోగుల సంఖ్య 75 వేల పైమాట నుంచి దశాబ్దం తిరిగేసరికి దాదాపు సగానికి వచ్చింది. ముందస్తు విరమణ పథకం కింద తండ్రులు ఇంటికి వచ్చేశారు, కొడుకులకు గేటు తెరుచుకోలేదు. బస్తీ కుటుంబాలు మామూలు డిగ్రీ కాలేజీ వైపు గట్టిగా చూడటం ఇక్కడి నుంచే మొదలైంది.

అమెరికాలో ఇలాంటి పిల్లలను చేర్చుకోవడానికే కమ్యూనిటీ కాలేజీలు పుట్టాయి. ఇల్లినాయ్‌లోని జోలియెట్‌లో 1901లో మొదలైన నమూనా అది: ఇంటి దగ్గరే ఉండాలి, తక్కువ ఫీజు ఉండాలి, పని చేసుకుంటూ చదివే వీలుండాలి, దారి చూపే సలహాదారు ఉండాలి. మన దేశంలో 1990ల మధ్యలో పాండిచ్చేరి, మద్రాసుల్లో ఆ పేరుతో ప్రయోగాలు జరిగాయి. పన్నెండో ప్రణాళికలో యూజీసీ కూడా పథకం పెట్టింది. జంషెడ్‌పూర్‌లో ఆ పనిలో సింహభాగం ఏ కొత్త పేరూ లేకుండా పాత కాలేజీలే చేస్తున్నాయి. మాన్గోలోని వర్కర్స్ కాలేజీకి పేరులోనే ఆ ఉద్దేశం ఉంది. సాకచీలో 1967 నాటి కరీం సిటీ కాలేజీ, కరన్‌డీలో లాల్ బహదూర్ శాస్త్రి కాలేజీ, గోల్మురీలో ఏబీఎం, బిష్టుపూర్‌లో కోఆపరేటివ్ కాలేజీ ఉన్నాయి. 1953లో మొదలైన మహిళా కాలేజీ 2019లో విశ్వవిద్యాలయమైంది. సిద్‌గోడాలో దాని రెండో ప్రాంగణం రావడంతో బిర్సానగర్ ఆడపిల్లలకు ఆటో దూరం తగ్గింది. ఏ విధాన పత్రంలోనూ కనిపించకపోయినా, చాలా ఇళ్లలో అమ్మాయి చదువును నిర్ణయించేది ఆ దూరమే.

కాలేజీలో అడుగుపెట్టాక జీవితం మరీ చప్పగా ఏమీ ఉండదు. ఏబీవీపీ, ఏజేఎస్‌యూ, జార్ఖండ్ ఛాత్ర మోర్చాల జెండాలు, సర్హుల్‌కూ కరమాకూ మాందర్ మోత, క్యాంటీన్‌లో లిట్టీ, సమోసా ఉంటాయి. తరగతి గదిలోనే చిక్కు. శాశ్వత అధ్యాపకుల నియామకాలు ఏళ్ల తరబడి జరగక, రాష్ట్రంలోని కాలేజీలు కాంట్రాక్టు అధ్యాపకుల మీద ఆధారపడ్డాయి. తొలుత వాళ్లకు తరగతికి 600 రూపాయల లెక్క కట్టారు. గంట మోగితేనే జీతం అన్నమాట. విద్యార్థి సహాయం అంటే కౌన్సెలింగ్ సెల్, ప్లేస్‌మెంట్ సెల్ అని 2023లో యూజీసీ మార్గదర్శకాలు చెప్పాయి. కానీ పాఠం చెప్పే మనిషే వచ్చే ఏడాది ఉంటాడో లేదో తెలియని చోట కౌన్సెలర్ సంగతి అడగడం పెళ్లికొడుకు లేని పెళ్లిలో బాజాభజంత్రీల గురించి అడిగినట్టే. మనసు కుంగినవాళ్లకు బిష్టుపూర్‌లో ‘జీవన్’ అనే స్వచ్ఛంద ఆత్మహత్యల నివారణ కేంద్రం ఉంది. 2022 నుంచి టెలీ మానస్ 14416 నంబర్ కూడా ఉంది. రెండూ కాలేజీ గోడ బయటివే.

ఇంటర్ పిల్లలకు మరో దెబ్బ తగిలింది. కొత్త విద్యా విధానం పేరుతో 2025లో డిగ్రీ కాలేజీల్లో పదకొండో తరగతి ప్రవేశాలు ఆపేశారు. ప్లస్‌టూ హైస్కూళ్లకు వెళ్లమన్నారు. సూత్రం ప్రకారం అది తప్పు కాదు. అయితే పదో తరగతి కాగానే కాలేజీ గేటు దాటి, సీనియర్ల వెంట స్కాలర్‌షిప్ దరఖాస్తులు నింపడం నేర్చుకునే బస్తీ పిల్లకు ఆ రెండేళ్లే అసలైన సహాయ కేంద్రం. తొలి తరం విద్యార్థికి దారి చెప్పేది ఆఫీసు నోటీసు బోర్డు కాదు, పక్కింటి అక్క.

స్కాలర్‌షిప్ కథ కాలేజీలో మొదలు కాదు. బస్తీలోని ప్రజ్ఞా కేంద్రంలో మొదలవుతుంది. మన మీసేవ లాంటిదే ఇది. ఒక కంప్యూటర్, ప్రింటర్, వేలిముద్రల యంత్రం, గోడ మీద రేట్ల కాగితం ఉంటాయి. రాష్ట్ర సంక్షేమ శాఖ ఇచ్చే మెట్రిక్ అనంతర స్కాలర్‌షిప్‌కు ఈ-కల్యాణ్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. ఆదాయ పత్రం, నివాస పత్రం, కుల పత్రం జత చేయాలి. ఎస్సీ, ఎస్టీలకు కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షలు దాటకూడదు. ఆదాయ పత్రం ఎవరికైనా వస్తుంది. నివాస పత్రం కొంత కష్టం. కుల పత్రం దగ్గరే బిర్సానగర్ తెలుగు పిల్లల బండి ఆగిపోతుంది.

నివాసం సంగతి ముందు చూడాలి. జార్ఖండ్‌లో స్థానికుడు ఎవరన్నది పాతికేళ్లుగా రగులుతున్న ప్రశ్న. 2016లో రఘుబర్ దాస్ ప్రభుత్వం 1985ను గీటురాయి చేస్తూ విధానం తెచ్చింది. వ్యాపారం, ఉద్యోగం మీద 30 ఏళ్లుగా ఉండి స్థిరాస్తి సంపాదించినవారినీ, ఇక్కడే పుట్టి ఇక్కడే మెట్రిక్ పాసైనవారినీ స్థానికులన్నది. హేమంత్ సోరెన్ ప్రభుత్వం 2022 నవంబర్‌లో 1932 నాటి భూరికార్డు, అంటే ఖతియాన్, ప్రాతిపదికగా బిల్లు పాస్ చేసింది. గవర్నర్ తిప్పి పంపితే 2023 డిసెంబర్‌లో మళ్లీ పాస్ చేసింది. ఆదివాసీ దృష్టిలో ఇది న్యాయమైన కోరికే. భూమి పోగొట్టుకున్నవాడు కనీసం ఉద్యోగం తనకు దక్కాలంటున్నాడు. కానీ కంపెనీ క్వార్టర్‌లో పుట్టి బస్తీలో పెరిగిన కూలీ మనవడికి 1932లో ఇక్కడ ఏ భూమి ఉంటుంది?

బిర్సానగర్ విషయంలో స్థిరాస్తి అన్న మాటే ఒక వ్యంగ్యం. 2005లో టాటా లీజును 1996 నుంచి 30 ఏళ్లకు పునరుద్ధరించినప్పుడు సుమారు 1,800 ఎకరాల్లోని 86 బస్తీలను దాని నుంచి మినహాయించారు. అప్పటి నుంచి ‘మాలికానా హక్’, అంటే యాజమాన్య హక్కు, ప్రతి ఎన్నికలోనూ మొదటి హామీ. 2018లో యాజమాన్యానికి బదులు లీజు ఇస్తామన్నారు. మొహర్దా పథకం నుంచి నీళ్లు వచ్చాయి. ప్రధానమంత్రి ఆవాస్ కింద 9 వేలకు పైగా ఫ్లాట్లు తలపెట్టారు. పట్టా మాత్రం దక్కలేదు. మూడు తరాలు కాపురం ఉన్న ఇల్లు రికార్డులో ఇల్లు కాదు. అదృష్టవశాత్తూ పుట్టుక, మెట్రిక్ నిబంధన ఉండటంతో చాలామంది పిల్లలు నివాస పత్రం దాకా రాగలుగుతున్నారు.

కుల పత్రానికి అలాంటి దొడ్డిదారి లేదు. ఎస్సీ అయితే 1950 ఆగస్టు 10 నాటికి, బీసీ అయితే 1978 నవంబర్ 10 నాటికి కుటుంబం ఈ రాష్ట్ర ప్రాంతంలో స్థిరపడి ఉన్నట్టు రుజువు కావాలి. తాత 1950కి ముందే ఫర్నేస్ దగ్గర పని చేసి ఉండొచ్చు. కానీ జీతం చీటీ ఎవరు దాచారు? దాచినా కులం పేరు ఈ రాష్ట్ర జాబితాలో ఉండాలి. ఆంధ్రలో బీసీ-డి కింద ఉన్న తూర్పు కాపు, కొప్పుల వెలమ వంటి పేర్లను జార్ఖండ్ గుమాస్తా ఎప్పుడూ విని ఉండడు. ఇక్కడి బీసీ-1, బీసీ-2 విభజన వేరు, అక్కడి ఏబీసీడీలు వేరు.

న్యాయస్థానాల మాట కూడా ఇదే. ఈ ప్రశ్న మీద మైలురాయి తీర్పు తెలుగువాడి కేసులోనే వచ్చింది. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగం వల్ల తొమ్మిదేళ్లకు బొంబాయి చేరిన కుర్రాడు అక్కడ మెడికల్ సీటుకు ఎస్టీగా దరఖాస్తు చేశాడు. ఆంధ్రప్రదేశ్ జాబితాలోని ఆ తెగ మహారాష్ట్ర జాబితాలో లేదు. మర్రి చంద్రశేఖరరావు కేసుగా ప్రసిద్ధమైన ఆ వివాదంలో 1990 మే నెలలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, రాష్ట్రం మారితే హోదా వెంట రాదని తేల్చింది. 2018లో బీర్ సింగ్ కేసులో మరో రాజ్యాంగ ధర్మాసనం అదే సూత్రాన్ని నిలబెట్టింది. దీని ఫలితం చిత్రంగా ఉంటుంది. ఖర్కాయి నదికి అటు ఆదిత్యపూర్‌లో ఉన్న ఎన్ఐటీ కేంద్ర సంస్థ కాబట్టి తెలుగు ఎస్సీ విద్యార్థి తండ్రి సొంత రాష్ట్రపు పత్రంతో అక్కడ రిజర్వు సీటు అడగవచ్చు. నదికి ఇటు సాకచీలో బీఏ చదివితే రాష్ట్రం ఇచ్చే స్కాలర్‌షిప్ అడగలేడు. కఠినమైన పోటీ పరీక్ష గెలిచినవాడికి రిజర్వేషన్ ఉంది, బీఏలో చేరిన పేదవాడికి లేదు.

పోనీ, సొంత ఊరికి వెళ్లి చదువుకోవచ్చు కదా అనవచ్చు. శ్రీకాకుళంలో ఉన్న పెదనాన్న పిల్లలకు 2008 నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ అందింది. ఇంజనీరింగ్ అంటే భయం పోయింది. జంషెడ్‌పూర్ పిల్లకు అక్కడా గేటు ఉంది. 371-డి అధికరణం కింద వచ్చిన 1974 ప్రవేశాల ఉత్తర్వు ప్రకారం స్థానిక విద్యార్థి కావాలంటే అర్హత పరీక్ష నాటికి వరుసగా నాలుగేళ్లు అక్కడ చదివో, నివసించో ఉండాలి. 15 శాతం అన్‌రిజర్వుడ్ సీట్లలోనూ తల్లిదండ్రులు పదేళ్లు రాష్ట్రంలో నివసించాలన్న వంటి షరతులున్నాయి. అమ్మమ్మ ఊరు ఆముదాలవలస అయినా ఫలితం లేదు. ఇక్కడ ఆమె ఆంధ్రా పిల్ల, అక్కడ టాటా పిల్ల.

మిగిలిన దారులు కొన్ని ఉన్నాయి. టాటా స్టీల్ ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు జ్యోతి ఫెలోషిప్ ఇస్తుంది. డిప్లొమా, ఇంజనీరింగ్ చదివే అమ్మాయిలకు రాష్ట్రం మాన్కీ ముండా పేరుతో ఏడాదికి 15 వేలు, 30 వేలు ఇస్తోంది. శిబూ సోరెన్ పేరు మీదుగా వచ్చిన గురూజీ క్రెడిట్ కార్డు 15 లక్షల దాకా 4 శాతం వడ్డీకి అప్పు ఇప్పిస్తుంది. ఈ అప్పుకు కులం అడగరు, జార్ఖండ్ బడిలో చదివితే చాలు. కొల్హాన్ ప్రాంతపు తెలుగు కుటుంబాలకు ఇది నిజంగా పనికొచ్చే పథకం. కాకపోతే పక్క బెంచీ పిల్లకు స్కాలర్‌షిప్‌గా వచ్చే డబ్బు తనకు అప్పుగా వస్తుంది. బీఏ పట్టాతో ఆ అప్పు తీర్చాలంటే ఉద్యోగం కావాలి. ఉద్యోగం అంటే ఇక్కడ చాలామందికి జేఎస్ఎస్‌సీ. ఆ సంస్థ సీజీఎల్ పరీక్ష 2024 జనవరిలో పేపర్ లీకై రద్దయింది. సెప్టెంబర్‌లో మళ్లీ పెట్టినప్పుడు రాష్ట్రమంతా ఇంటర్నెట్ ఆపేశారు.

ఇంత చిక్కుముడిలోనూ పనిచేస్తున్నది బస్తీ తనంతట తాను చేసుకున్న ఏర్పాటే. ప్రజ్ఞా కేంద్రం నడిపే కుర్రాడికి ఏ కాలేజీ ప్రవేశాల గడువు ఎప్పుడో, ఏ ఫారంలో ఏ తేదీ తప్పు పడితే దరఖాస్తు వెనక్కి వస్తుందో నోటికి తెలుసు. దీపావళి దాటాక స్కాలర్‌షిప్ గడువు దగ్గరపడితే రాత్రి దాకా షట్టర్ తెరిచే ఉంటుంది. ఒడియా అమ్మాయి దరఖాస్తును సంతాలీ కుర్రాడు నింపుతాడు, తెలుగు కుర్రాడు ప్రింటవుట్ తీస్తాడు. అతడి సొంత దరఖాస్తు మాత్రం కుల పత్రం గడి దగ్గర ఖాళీగా ఉంటుంది. పోర్టల్ ఖాళీ గడిని ఒప్పుకోదు. ‘జనరల్’ నొక్కితే స్కాలర్‌షిప్ పేజీ మూసుకుపోతుంది, ఫీజు కట్టే పేజీ తెరుచుకుంటుంది.