తణుకు నుంచి సూర్యుడి దారిలో

శ్రీహరికోట వెళ్లేముందు తణుకులో ఆగాలనిపించింది. 2023 ఆగస్టు చివరి రోజులు. సార్వా నాట్లు ముగిసి చేలు పచ్చబడ్డాయి. టీ కొట్టు దగ్గర పేపరు చేతులు మారుతోంది. 23వ తేదీ సాయంత్రం చంద్రయాన్-3 ల్యాండర్ విక్రమ్ చంద్రుడి మీద దిగిన ఫొటోలు ఎన్నిసార్లు చూసినా ఎవరికీ తనివి తీరడం లేదు. రాకెట్ ఇంధనం తమ ఊళ్లో తయారవుతుందన్న సంగతి అక్కడ చిన్నపిల్లలకీ తెలుసు.

ఆ ఇంధనం చేసేది ఆంధ్రా షుగర్స్. స్వాతంత్ర్యం వచ్చిన 1947 ఆగస్టులోనే ముళ్ళపూడి హరిశ్చంద్రప్రసాద్ ఈ సంస్థను ఇక్కడ నెలకొల్పారు. చెరకుతో మొదలైన కంపెనీ తర్వాత రసాయనాల వైపు నడిచింది. కొవ్వూరులో కాస్టిక్ సోడా, తణుకులో ఆస్పిరిన్. ఆ వరసలోనే ఇస్రో కోసం అన్‌సిమెట్రికల్ డైమిథైల్ హైడ్రజీన్ వచ్చింది. నోరు తిరగని పేరు కాబట్టి అందరూ యూడీఎంహెచ్ అంటారు.

ఈ ద్రవం గుణమే దాని విలువ. నైట్రోజన్ టెట్రాక్సైడ్‌ను తాకిందంటే చాలు, నిప్పురవ్వ అక్కర్లేకుండానే భగ్గుమంటుంది. ద్రవ హైడ్రోజన్‌ను సున్నాకి దిగువన 253 డిగ్రీల చలిలో ఉంచాలి. దీనికి ఆ బాధ లేదు, మామూలు ఉష్ణోగ్రతలోనే నిలవ ఉంటుంది. కానీ పరమ విషం. ఆవిరి పీల్చకూడదు, ఒంటికి తగలకూడదు. దాన్ని చేసే ఫ్యాక్టరీ సరదాగా లోపలికి వెళ్లి చూసొచ్చే చోటు కాదు. నేను రోడ్డు మీద నిలబడి గోడ అవతలి గొట్టాలను చూసి వచ్చాను. ఆ గోడల మధ్య ఏళ్ల తరబడి జాగ్రత్తగా పనిచేస్తున్నవాళ్ల పేర్లు ఏ ప్రయోగం రోజునా పేపర్లో రావు. వాళ్లకి నమస్కారం పెట్టాలనిపించింది.

యూడీఎంహెచ్ మూడు పాళ్లు, హైడ్రజీన్ హైడ్రేట్ ఒక పాలు కలిపితే యూహెచ్25. వికాస్ ఇంజన్ తాగేది దీన్నే. ఫ్రాన్స్ వాళ్ల వైకింగ్ ఇంజన్ విద్య నేర్చుకుని నంబి నారాయణన్ బృందం రూపొందించిన ఇంజన్ అది. పీఎస్ఎల్‌వీలో రెండో దశ వికాస్‌దే. 2008లో చంద్రయాన్-1, 2013లో మంగళయాన్ ఆ రాకెట్టు మీదే వెళ్లాయి. చంద్రయాన్-3ని మోసిన ఎల్‌వీఎం3 నడిమి దశలో రెండు వికాస్‌లున్నాయి. నేల విడిచిన రెండు నిమిషాల్లోపే, ఆకాశంలోనే అవి అంటుకున్నాయి.

రేపు మనుషులెక్కే గగన్‌యాన్‌కీ ఎల్‌వీఎం3నే ఎంచుకున్నారు. అందుకే 2021 జూలై 14న తమిళనాడులోని మహేంద్రగిరిలో వికాస్‌ను ఆపకుండా 240 సెకన్లు మండించి పరీక్షించారు.

తణుకు పక్కనుంచి పోయే 16వ నంబరు జాతీయ రహదారే విజయవాడ, నెల్లూరు దాటి సూళ్లూరుపేట చేరుస్తుంది. అక్కడ తూర్పుకి తిరిగితే పులికాట్ సరస్సు మధ్యగా రోడ్డు. రెండు వైపులా నీళ్లు, బురద, కొంగలు. సరస్సుకీ బంగాళాఖాతానికీ నడుమ శ్రీహరికోట దీవి. 1971 నుంచి ఇక్కడ రాకెట్లు ఎగురుతున్నాయి.

సెప్టెంబరు 2. ఆదిత్య-ఎల్1 ప్రయోగం. జనం చూడటానికి 2019లో తెరిచిన గ్యాలరీ నిండిపోయింది. భుజాల మీద పిల్లలు, చేతుల్లో జెండాలు. 11.50కి చెట్ల పైన నిప్పు లేచింది. వెలుగు ముందు, ఉరుము వెనక. 44 మీటర్ల పీఎస్ఎల్‌వీ చూస్తుండగానే చుక్కయిపోయింది. దాని కొసన ఉన్న నౌక భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరాన, సూర్యుణ్ణి ఎప్పుడూ కనిపెట్టుకుని ఉండే చోటికి వెళ్లాలి. 2024 జనవరి 6న చేరింది కూడా.

ఆ రోజు రాకెట్టు ఎగిరి రెండు నిమిషాలు కూడా కాకముందే, రెండో దశ అంటుకుందని మైకులో వినిపించింది. చప్పట్లు మోగాయి. అప్పటికి పైన తెల్లటి పొగచార తప్ప ఏమీ కనిపించడం లేదు. పక్కనున్న కుర్రాడు అదేమిటని అడిగాడు. వికాస్ గురించి, అది తాగే ఇంధనం గురించి చెప్పాను. అలాంటిది తణుకులో తయారవుతుందంటే, వాడు ముందు నమ్మలేదు. తర్వాత తణుకు ఎక్కడుందో ఫోనులో మ్యాపు తీసి వెతకడం మొదలుపెట్టాడు.