గిరాకి లెక్కలు - గృహిణి ప్రశ్నలు

సోదరీమణులారా! వాటాల వ్యాపారమును, గిరాకి లెక్కలును పురుషుల సభలలో మాత్రమే చర్చింపదగినవని మనలో ననేకులు తలచుచుందురు. కాని యా వ్యాపారమునకు పోవు ధనములో మన పొదుపు సొమ్మును గలదు. కావున నీ విషయమున నాలుగు మాటలు విన్నవింప సాహసించుచున్నాము.

ఇటీవల మా మరిది పట్టణమునుండి వచ్చి, మా యమ్మాయి చదువునకై కూడబెట్టిన సొమ్మును సెల్‌ఫోనులు తయారుచేయు నొక సంస్థ వాటాలలో పెట్టుమని మావారికి బోధించెను. "ఈ మూడు నెలలలో వారి ఫోనులు మునుపటికంటె నెంతో యెక్కువగా పోయినవి, అన్నయ్యా! గిరాకికి వేఱు సాక్ష్యమేల?" అని యాతని వాదము. మావారు ఆలోచనలో పడిరి. మేము మాత్రము, "పోయినవనగా నెక్కడికి పోయినవి, నాయనా?" అని యడిగితిమి.

బాల్యమున తండ్రిగారు మాకు తర్కసంగ్రహము చెప్పుచు, కొండపై పొగను చూచి నిప్పు కలదని యూహింపవచ్చును గాని, మంచునే పొగయని భ్రమించినచో నా యనుమానము చెడునని హెచ్చరించెడివారు. కర్మాగారమునుండి యంగళ్లకు చేరిన ఫోనుల లెక్క యొకటి. అంగడినుండి కొనువారి చేతికి చేరిన లెక్క మఱియొకటి. అటకలపై మిగిలిన సరకు మొదటి లెక్కలో చేరును, రెండవదానిలో చేరదు.

2014 సంవత్సరపు కడపటి మూడు నెలలలో మన దేశమున స్మార్టుఫోనుల యమ్మకమును గూర్చి కెనాలిస్ అను పరిశోధనసంస్థ, మైక్రోమాక్సునకు నూటికి 22 వంతులు, శాంసంగునకు 20 వంతులు అని చెప్పెను. ఐడీసీ యను వేఱొక సంస్థ శాంసంగునకు 22, మైక్రోమాక్సునకు 18 అనెను. ఈ రెండును అంగళ్లకు పంపిన సరకునే లెక్కించినవి. శాంసంగువారో, చిల్లర యమ్మకములను లెక్కించు జీఎఫ్‌కే సంస్థను సాక్ష్యముగా చూపి తామే మొదటివారమనిరి. ఒకే సంత, మూడు తూనికలు!

2018 నవంబరున ఆపిల్ సంస్థ ఇకమీదట అమ్మిన ఫోనుల సంఖ్యను తెలుపబోమని ప్రకటించెను. సెప్టెంబరుతో ముగిసిన మూడు నెలలలో అమ్మిన ఐఫోనులు 4 కోట్ల 69 లక్షలు. ముందటి యేటి సంఖ్యకు దాదాపు సమానము. వానిపై రాబడి మాత్రము నూటికి 29 వంతులు హెచ్చెను. బజారున బుట్ట నింపుకొన్నవారిని వస్తువు లెన్నియని యడుగుటకంటె వాని విలువయే ముఖ్యమని, సంస్థను నడుపుచుండిన టిమ్ కుక్ సమాధానము. వాటాదారులలో కొందఱు మెచ్చిరి. గిరాకి తగ్గుటను దాచుటకే యని కొందఱు శంకించిరి.

కూరలబుట్ట మోయు మనకు రెండు లెక్కలును కావలయును. ధర పెరిగిన దినమున కాయలు తగ్గినను బుట్ట విలువ హెచ్చును గదా! 2019 జనవరి 2వ తేదీన ఆ సంస్థయే, 8,900 కోట్ల డాలర్లకు తగ్గదన్న తన మూడు నెలల రాబడిని 8,400 కోట్లకు తగ్గించి చెప్పెను. మఱునాడు వాటా ధర నూటికి దాదాపు 10 వంతులు పడెను. అయినను తరువాతి సంవత్సరములలో నది యెన్నియో రెట్లు పెరిగినది. వేచియుండగలవారికి లాభమే, కళాశాల రుసుము మాత్రము వేచియుండదు.

ఈ మాటయే చెప్పి, అమ్మాయి సొమ్మును పోస్టాఫీసుననే యుంచితిమి. మరిది తన సొమ్ములో కొంత పెట్టెదననియు, ముందుగా నంగళ్లలో నిలిచిన సరకెంతయో విచారించెదననియు చెప్పి వెళ్లెను.

సోదరీమణులారా! అంకెలను నమ్మవలదని మా యభిప్రాయము కాదు. ఎవరు లెక్కించిరి, ఎచ్చట లెక్కించిరి, దేనిని విడిచిరి? పాలవానిని, పచారుకొట్టువానిని ఇట్లడుగుట మనకు నిత్యకృత్యమే. వాటాల బేరమునందును సంకోచింపక యడుగుదము.