మొనోంగహేలా ఒడ్డున ఆరిన కొలుములు

మొనోంగహేలా నది ఉత్తరానికి పారి, పిట్స్‌బర్గ్‌లో అలగేనీతో కలిసి ఒహాయో నది అవుతుంది. పిట్స్‌బర్గ్‌కు ఎగువన దీని రెండు గట్ల మీదా హోమ్‌స్టెడ్, ర్యాంకిన్, బ్రాడక్, డుకేన్, మెకీస్‌పోర్ట్ అనే చిన్న ఊళ్లున్నాయి. స్థానికులు ఈ లోయను ‘మాన్ వ్యాలీ’ అంటారు. ఉక్కు మిల్లు ఎక్కడ లేస్తే అక్కడ ఊరు పెరిగింది.

నగరం నుంచి బయలుదేరితే ముందు తగిలేది హోమ్‌స్టెడ్. దూరానికే పన్నెండు ఇటుక పొగగొట్టాలు కనిపిస్తాయి. దగ్గరకు వెళ్తే వాటి కింద మిల్లు ఉండదు. 1999లో తెరిచిన దుకాణాల సముదాయం, దాని ముందు కార్ల బారులు ఉంటాయి. 1883లో ఆండ్రూ కార్నెగీ కొన్న మిల్లు ఇది. 1892 జులై 6న, గేట్లు మూసి కార్మికులను బయట నిలబెట్టిన రోజుల్లో, మేనేజరు ఫ్రిక్ రప్పించిన పింకర్టన్ అనే ప్రైవేటు కాపలా సంస్థ మనుషులు మూడు వందల మంది పడవల్లో ఈ ఒడ్డుకు చేరారు. పగలంతా కాల్పులు జరిగాయి. రెండు పక్షాల్లోనూ మనుషులు చనిపోయారు, చివరకు యూనియన్ ఓడింది. ఆ పోరు జరిగిన చోట ఆనాటి మిల్లు పంప్‌హౌస్ ఇంకా నిలిచే ఉంది. షాపింగుకు వచ్చినవారిలో అటు నడిచేవారు ఈ వ్యాసకర్తకు పెద్దగా కనబడలేదు.

ఈ మిల్లు ఊరి నుంచి ముందుగా తీసుకున్నవి ఇళ్లు. 1941లో యుద్ధానికి ఉక్కు కావాలని మిల్లును పెంచినప్పుడు నది పక్క పేటను మొత్తం కూల్చేశారు. సుమారు ఎనిమిది వేల మంది ఇళ్లూ చర్చిలూ వదులుకుని వెళ్లారు. ఇంత స్థలం మింగిన మిల్లు 1986లో మూతపడింది. 1920లో 20,452 మంది ఉన్న హోమ్‌స్టెడ్‌లో 2020 నాటికి 2,884 మంది మిగిలారు.

అవతలి గట్టున, ర్యాంకిన్‌లో, క్యారీ ఫర్నేస్ ఉంది. 1907లో కట్టిన 6, 7 నంబరు కొలుములు తొంభై రెండు అడుగుల ఎత్తున తుప్పు పట్టి నిలబడి ఉన్నాయి. ఇక్కడ కరిగిన ఇనుమును చల్లారనివ్వకుండా రైలు బండ్లలో వంతెన దాటించి హోమ్‌స్టెడ్‌లో ఉక్కు చేసేవారు. కొలుములకు ఆడపేర్లు పెట్టడం ఇక్కడి అలవాటు. విశాఖ ఉక్కులో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ ఉన్నట్టే ఇక్కడ క్యారీ, డుకేన్‌లో డోరతీ. క్యారీ ఆరిపోయాక ఆవరణలో చెట్లు మొలిచాయి, జింకలు తిరిగాయి. 1990ల చివర కొందరు కళాకారులు ఎవరి అనుమతీ లేకుండా చొరబడి, అక్కడే పడి ఉన్న గొట్టాలతో, తీగలతో పెద్ద జింక తలను కట్టారు. 2006లో ఈ చోటుకు జాతీయ చారిత్రక స్థలంగా గుర్తింపు వచ్చింది. ముస్తాబు చేసిన హోమ్‌స్టెడ్ గట్టు కంటే ఎవరూ పట్టించుకోని ఈ గట్టే చరిత్రను ఎక్కువ కాపాడింది.

ఇంకాస్త ఎగువన బ్రాడక్ ఉంది. కొలిమి ఆరితేనే ఊరు ఖాళీ అవుతుందన్న లెక్క ఇక్కడ తప్పుతుంది. 1875లో మొదలైన ఎడ్గార్ థామ్సన్ మిల్లు ఇప్పటికీ ఉక్కు పోస్తోంది, కానీ యంత్రాలు మారి పనివాళ్లు తగ్గారు, ఉన్నవారిలోనూ చాలామంది శివార్లకు తరలిపోయారు. 1920లో 20,879గా ఉన్న జనాభా 2020లో 1,721. 1889లో కార్నెగీ కట్టించిన గ్రంథాలయంలో కార్మికులకు స్నానపు గదులు కూడా ఉండేవి. షిఫ్టు దిగినవాడు మసి కడుక్కుని పుస్తకం పట్టాలన్నమాట. పన్నెండు గంటల షిఫ్టు తర్వాత ఎంతమందికి ఓపిక మిగిలేదో మరి.

డుకేన్‌లో డోరతీ అనే ఆరవ నంబరు కొలిమిని 1963లో వెలిగించారు. 1984లో ఆపేస్తే, దాన్ని బతికించాలని కార్మికులు ఊరంతటినీ కూడగట్టారు. ఫలితం లేకపోయింది, 1988లో కూల్చేశారు.

పెన్ హిల్స్‌లోని వెంకటేశ్వరస్వామి గుడికి వచ్చే తెలుగువారికి క్యారీ కొద్ది మైళ్ల దూరమే. చలికాలం కాకుండా చూసుకుని, పాదాలు కప్పే బూట్లు వేసుకుని వెళ్లండి.