సున్నా మరిచిన మిషన్

నేను డ్రైవులు బాగుచేస్తానంటే మా మారేడ్‌పల్లిలో సగం మంది కంప్యూటర్లో పోయిన ఫొటోలు వెనక్కి తెస్తాననుకుంటారు. మిగతా సగం కారు నేర్పిస్తాననుకుంటారు. పక్కింటి పెద్దావిడ ఓసారి మనవడిని వెంటబెట్టుకొచ్చి, 'వీడికి పద్దెనిమిది నిండాయి బాబూ, స్టీరింగు పట్టడం నేర్పు' అంది. తీరా లోపల బల్లమీద విప్పిన బోర్డులూ, సోల్డరింగ్ పొగా చూసి, 'ఓహో, టీవీలు బాగుచేస్తావన్నమాట' అని తనే తేల్చేసింది. నేను కాదనలేదు. సర్వో డ్రైవ్ అంటే ఏమిటో చెప్పడం మొదలుపెడితే ఆ పూట ఆవిడ వంటకు ఆలస్యమైపోతుంది.

ఆదివారం కాబట్టి మీకు చెబుతాను. కళ్లు మూసుకుని ముగ్గు పెట్టమంటే ఎంత చేయి తిరిగిన ఇల్లాలికైనా చుక్క తప్పుతుంది. కన్ను చూస్తూ ఉంటే, చేయి కాస్త పక్కకు జరిగినా వెంటనే సర్దుకుంటుంది. ఫ్యాక్టరీలో ఇనుమును కోసే సీఎన్‌సీ మిషన్‌లోనూ అంతే. సర్వో మోటారు చేయి. దాని వెనక కూర్చున్న ఎన్‌కోడర్ కన్ను. ఎక్కడికి చేరాలో, ఇప్పుడు ఎక్కడుందో చూసుకుని, తేడా ఉన్నంత మేర మోటారుకు కరెంటు పంపేది డ్రైవ్. ఈ సర్దుబాటు సెకనుకు వేలసార్లు జరుగుతుంది. అందుకే తలవెంట్రుక మందంలో ఏడో వంతో, ఎనిమిదో వంతో తేడా రాకుండా షాఫ్టు తయారవుతుంది.

అంకెలతో నడిచే మిషన్‌ను 1952లో అమెరికాలోని ఎంఐటీ వాళ్లు లోకానికి చూపించారు. అది మన షెడ్లదాకా రావడానికి చాలా ఏళ్లు పట్టినా, మన జంటనగరాలకు మిషన్ల సంగతి కొత్తేమీ కాదు. సికింద్రాబాద్‌లో ప్రాగా టూల్స్ 1943లోనే మొదలైంది. 1965లో హెచ్ఎంటీ వచ్చింది. 1968లో బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ పెట్టారు. ఇలాంటి చోట్ల పని నేర్చుకున్నవాళ్లు బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి వైపు రేకుల షెడ్లు వేసుకుని సొంతంగా బతకడం మొదలుపెట్టారు. ఆ పెద్ద ఫ్యాక్టరీల వైభవం పోయింది కానీ షెడ్లు మిగిలాయి. నాకు అన్నం పెడుతున్నది ఆ షెడ్లే.

చిన్న షెడ్డులో సీఎన్‌సీ మిషన్ ఒకటో, రెండో ఉంటాయి. బ్యాంకు అప్పుతో కొన్నవి, లేదా ఎవరో వాడి వదిలేసిన పాతవి. ఎర్రలైటు వెలిగి మిషన్ ఆగిందంటే ఓనరుకు నిద్ర ఆగినట్టే. వాయిదా ఆగదు, అద్దె ఆగదు, సరుకు పంపాల్సిన తేదీ ఆగదు. 'సార్, మీరెంతన్నా తీసుకోండ్రి, పొద్దుగాల కల్లా నడవాలె' అంటారు. అదే మనిషికి ఆర్నెల్ల ముందు, 'పెట్టెలో ఫ్యాన్ గరగరమంటోంది, మార్పించండి' అని చెప్తే, 'నడుస్తుంది కదా సార్, చూద్దాం లే' అని ఉంటాడు.

నాకు ఫోన్లు ఎక్కువగా వచ్చేది మే నెలలో. డ్రైవుల పెట్టె లోపల 50, 55 డిగ్రీలు దాటకూడదని చాలా కంపెనీల పుస్తకాల్లోనే ఉంటుంది. బయట 42 ఉన్నప్పుడు, రేకుల కింద, ఫ్యాన్ సరిగా తిరగని పెట్టెలో ఎంత ఉంటుందో మీరే ఊహించుకోండి. లోపల కరెంటును నిలవ ఉంచే కెపాసిటర్లకు వేడి బద్ధశత్రువు. పది డిగ్రీలు పెరిగితే వాటి ఆయువు దాదాపు సగానికి పడిపోతుంది. వేడెక్కుతోందని ఎవరో ఒకరు పెట్టె తలుపు తీసి ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెడతారు. ఆవకాయ జాడీ మూత తీసి వానలో పెట్టినట్టే అది. గాలితోపాటు నూనె తుంపరా, సన్నటి ఇనుప రజనూ వెళ్లి బోర్డుల మీద పేరుకుంటాయి. వానలు పడి గాలిలో తేమ చేరగానే ఆ జిడ్డు మీద కరెంటు దారి చేసుకుంటుంది. మేలో బతికి బయటపడిన డ్రైవ్ జులైలో టప్‌మంటుంది.

తీరా వెళ్లాక కూడా తొందరపడటానికి లేదు. 415 వోల్టుల త్రీఫేజ్ లోపలికి వెళ్లి డీసీగా మారేసరికి 580 దాటుతుంది. మెయిన్ ఆపేసినా కెపాసిటర్లు ఆ కరెంటును కొన్ని నిమిషాలు పట్టుకునే ఉంటాయి. లైటు ఆరేదాకా ఆగాలి, ఆరాక మీటరుతో చూడాలి, అప్పుడే చెయ్యి పెట్టాలి. తూర్పు మారేడ్‌పల్లిలో గవర్నమెంట్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎలక్ట్రానిక్స్ ఉంది. అక్కడ డిప్లొమా చదివే పిల్లలు అప్పుడప్పుడూ పని చూస్తామని వస్తుంటారు. వాళ్లకు మొదటిరోజు నేర్పేది ఇదొక్కటే, ఆగడం. ఓనరు వెనక నిలబడి గడియారం చూసుకుంటున్నా సరే, ఆగడం.

రెండో పాఠం, డ్రైవ్ మీద అలారం వచ్చినంత మాత్రాన తప్పు డ్రైవుది కాకపోవచ్చు. జీడిమెట్లలో ఒకచోట ఏడాదిలో రెండు డ్రైవులు మార్చారు. ఒక్కోటీ లక్ష దాటిన సరుకు. మూడోదీ కరెంటు ఎక్కువైందని అలారం కొడుతుంటే నన్ను పిలిచారు. రెండు యాక్సిస్‌ల డ్రైవులూ ఒకే సైజువి కావడంతో ఇటుది అటు మార్చి చూశాను. అలారం డ్రైవ్ వెంట వెళ్లలేదు, మోటారు దగ్గరే ఉండిపోయింది. మోటారు కేబుల్‌ను విప్పుకుంటూ పోతే, మిషన్‌తోపాటు ముందుకీ వెనక్కీ కదిలే గొలుసులో ఒకచోట తొడుగు ఒరుసుకుపోయి, చల్లటానికి పోసే నీళ్లు రాగి తీగదాకా చేరాయి. మారిస్తే పోయేది ఒక కేబుల్. దగ్గుతున్నాడని నోరు కుట్టేసినట్టు, రోగం చెప్పేవాడిని రెండుసార్లు మార్చారు తప్ప రోగమేమిటని ఎవరూ అడగలేదు. ఇంకా చిత్రం, అక్కడి హెల్పర్ కుర్రాడు ఆ గొలుసు కింద నీళ్లు కారుతున్నాయని ఎప్పుడో చెప్పాడట. 'నీకేం తెల్సురా' అన్నారట.

ఇన్నేళ్ల పనిలో నాకు గట్టిగా అర్థమైంది ఇదే. మిషన్‌ను కాపాడేది నాలా ఎప్పుడో వచ్చిపోయే మెకానిక్ కాదు. రోజూ దాని పక్కన నిలబడేవాడు. దాని చప్పుడు మారితే మొదట తెలిసేది వాడికే. చిత్రమేమిటంటే ఆ మనిషి జీతం షెడ్డులో అందరికంటే తక్కువ.

ఈ మాట ఎంత నిజమో 2020లో కళ్లారా చూశాను. సర్వో మోటారు ఎన్‌కోడర్లలో చాలావాటికి 3.6 వోల్టుల చిన్న బ్యాటరీ ఉంటుంది. మెయిన్ ఆపేసినా తానెక్కడున్నదీ మోటారు మరిచిపోకుండా కాపాడేది అదే. ఆ ఏడాది మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది. అప్పటికే షెడ్లకు తాళాలు పడ్డాయి. వారాల తరబడి మెయిన్లు ఆపే ఉన్నాయి. అసలే బలహీనపడిన బ్యాటరీలు చీకట్లో ఒక్కొక్కటిగా చచ్చిపోయాయి. మే నెలలో తాళాలు తీసి స్విచ్చి వేస్తే, ఎన్నో మిషన్లకు తమ సున్నా ఎక్కడో గుర్తులేదు. సున్నా తెలియని మిషన్‌కు మిగతా ఏ అంకే తెలియదు. బలవంతంగా నడిపితే పోయి దేన్నో గుద్దుకుంటుంది.

బాలానగర్‌లో ఓ షెడ్డుకు వెళ్లేసరికి మిషన్ అలాగే ఉంది. దాన్ని ఆరేళ్లు నడిపిన ఒడిశా కుర్రాడు లేడు. పని లేదని ఓనరు జీతం ఆపితే, నానా అవస్థా పడి ఊరు చేరుకున్నాడట. ఓనరు మొహమాటపడుతూనే ఫోన్ కలిపి నా చేతికిచ్చాడు. కుర్రాడు సంగతంతా విన్నాడు. 'సార్, ప్యానెల్ వెనక నోటుబుక్కు ఉంది. కవరు కింద సున్నా దగ్గర సన్న గీతలు రెండు గీసిన. గీతకు గీత కలపండి' అన్నాడు. స్కూలు పిల్లల నోటుబుక్కు అది. బ్యాటరీ ఎప్పుడు మార్చిందీ, ఏ ఫ్యాన్ ఎప్పుడు వేసిందీ, ఏ పారామీటరుకు ఏ అంకె ఉందీ, తేదీలతో సహా రాసి పెట్టాడు. అది వాడి ఉద్యోగం కాదు. ఎవరూ రాయమనలేదు. గీతకు గీత కలిపి, డయల్ గేజ్ పెట్టి చూసుకుని, సున్నాను నిలబెట్టాం. సాయంత్రానికి మొదటి షాఫ్టు వచ్చింది.

నడిచిందని చెప్పడానికి మళ్లీ ఫోన్ చేశాను. వాడు సంతోషించాడు. కాసేపు ఆగి, 'సార్, ఏప్రిల్ జీతం సంగతి సేటుకు ఒకమాట చెప్తారా' అన్నాడు. నేను ఏమీ చెప్పలేదు. ఫోన్ ఓనరు చేతికిచ్చాను. ఆయన అందుకుని షెడ్డు బయటికి నడిచాడు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. రైళ్లు నడిచాక కుర్రాడు తిరిగొచ్చాడని మాత్రం తెలుసు.

ఇప్పుడు కంపెనీలు పాత మోడళ్లకు విడిభాగాలు ఆపేస్తున్నాయి. కొత్తది కొనండి అంటున్నాయి. పెద్ద ఫ్యాక్టరీలు కొనుక్కుంటాయి. చిన్న షెడ్డు మాత్రం పాత డ్రైవును ఇంకో అయిదేళ్లు లాగితేనే నిలబడుతుంది. అది నా సోల్డరింగుతో కొంత, ఫిల్టరు దులిపే కుర్రాడి చేతులతో ఎక్కువ అవుతుంది.

దసరా వస్తే మన షెడ్లన్నీ కళకళలాడతాయి. మిషన్లు కడిగి, పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయలు కట్టి, మెయిన్ ఆపేసి సెలవిచ్చేస్తారు. పూజ బాగా చేయండి. కానీ ఈసారి మెయిన్ ఆపకముందే, మిషన్ ఆన్‌లో ఉండగానే, బ్యాటరీ మార్పించండి. ఆపేసి మారిస్తే సున్నా పోతుంది. తలుపు మూసి ఉంచండి, ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూడండి. ఆ మిషన్‌ను నడిపేవాడికి ఒక మంచి నోటుబుక్కు కొనివ్వండి. కొత్తబట్టలతోపాటు.