రెండవ ప్రతి

1999 మే నెల. సాకేత్‌లో వడగాలి హోరుమంటున్న ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. గంట తరువాత తిరిగి వచ్చింది గాని, మా యూనిక్స్ సర్వరు మాత్రం లేవలేదు.

అయోధ్యకు మరో పేరైన సాకేతం పేరు పెట్టుకున్న ఆ దక్షిణ ఢిల్లీ కాలనీలో, అనుపమ్ సినిమాహాలుకు కొద్ది దూరంలో, మాదొక చిన్న ప్రచురణ కార్యాలయం. ఆ సర్వరులో ఒక విశ్రాంత తెలుగు పండితులు ఆరేళ్లుగా కూర్చుతున్న తెలుగు–హిందీ నిఘంటువు ఉంది. హార్డ్ డిస్కు చెడిపోయిందని తేలినప్పుడు కూడా నేను కలత చెందలేదు. ప్రతి శుక్రవారమూ టేపు మీద నకలు తీస్తూనే ఉన్నాను కదా!

టేపు సగం వరకు నడిచి ఆగిపోయింది. అంతకుముందు వారాల టేపులూ అంతే. వాటి మీద రాయడమే గాని, ఒక్కనాడైనా తిరిగి చదివి చూసిన పాపాన పోలేదు నేను. 'ప' మొదలు 'హ' వరకు నిఘంటువు మాయమైంది.

పండితులవారు విని కోపగించుకోలేదు. "చీటీలున్నాయి నాయనా, మళ్లీ ఎక్కిద్దాం. కాని నాకిప్పుడు డెబ్బైమూడు. మూడోసారి చేసే ఓపిక లేదు" అన్నారు.

ఆ మాటే నా చేత సిడి రైటరు కొనిపించింది. లేజరు కిరణం పళ్లెం మీది రంగుపొరను కాల్చి గుర్తులు పెడుతుంది; ఒకసారి పెట్టిన గుర్తు చెరపడానికి వీలుండదు. ఒక్కొక్క పళ్లెంలో 650 మెగాబైట్లు పడుతుంది.

బిగించడం మొదలుపెట్టగానే తొలి చిక్కు వచ్చింది. స్కజీ తీగ మీద ప్రతి పరికరానికీ వేరే ఇంటి నంబరు ఉండాలి. టేపు డ్రైవుదీ కొత్తదానిదీ 4 కావడంతో రెండూ మూగబోయాయి. కొత్తదానిని 5కు మార్చి, తీగ చివర టెర్మినేటరు తగిలించాక సర్వరు దానిని గుర్తుపట్టింది.

రాయడానికి జర్మనీకి చెందిన యోర్గ్ షిల్లింగ్ రచించిన 'సిడిరికార్డ్' అనే ఉచిత ప్రోగ్రాము దొరికింది. కాని ఆనాటి రైటరుకు సమాచారం తైలధార వలె తెగకుండా అందాలి. పగలు టైపిస్టులు పనిచేస్తుండగా ధార తెగి మూడు పళ్లేలు వృథా అయ్యాయి. అప్పుడు ముందుగా మొత్తం ప్రతిబింబాన్ని డిస్కు మీద తయారుచేసుకొని, రాత్రి అందరూ వెళ్లాక, లేజరు వెలిగించకుండా ఒకసారి అభ్యాసం చేయించి, తక్కువ వేగంతో రాయించాను. నాలుగవది పూర్తయింది.

తెరిచి చూస్తే ఫైళ్ల పేర్లన్నీ తెగిపోయి ఉన్నాయి! 1988 నాటి ఐఎస్ఓ 9660 ప్రమాణం, దాని తొలి మెట్టులో, ఎనిమిది అక్షరాల పేరును, మూడక్షరాల తోకను మాత్రమే ఒప్పుకుంటుంది. యూనిక్స్ పేర్లను, అనుమతులను కాపాడే 'రాక్ రిడ్జ్' పద్ధతి జోడించి మళ్లీ రాశాను.

ఈసారి పాఠం మరచిపోలేదు. పళ్లెంలోని ప్రతి ఫైలునూ అసలుతో పోల్చి చూశాను. తేడా ఉంటేనే ఆ యూనిక్స్ ఆజ్ఞ నోరు విప్పుతుంది. ఆ రాత్రి అది ఒక్క మాట కూడా పలకలేదు.

ఒక ప్రతి కార్యాలయంలో, మరొకటి పండితులవారి ఇంట్లో ఉంచాము. దానిని అందుకుంటూ ఆయన నవ్వి, "తాళ్లపాకవారు రాగిరేకులు చెక్కించారు. తిరుమల భాండాగారంలో అవి ఉండబట్టే అన్నమయ్య పాట మనదాకా వచ్చింది. ఇది నా రాగిరేకు" అన్నారు.

పద్నాలుగు నెలల్లో 'హ' మళ్లీ పూర్తయింది. 2003లో ఆయన పోయారు. ఎనిమిదేళ్లకు వారి అమ్మాయి ఆ పళ్లెం నా చేతికిచ్చినప్పుడు గుండె దడదడలాడింది. యంత్రంలో పెట్టగానే, తెగని పేర్లతో తెరుచుకుంది.

నేటి కంప్యూటర్లలో చాలావాటికి సిడి పెట్టే చోటే లేదు. అందుకే ఆ నిఘంటువును ఇప్పటికి రెండుసార్లు కొత్త సాధనాలకు మార్చాను. ఏటా మే నెలలో ప్రతి నకలునూ తెరిచి, 'ప' వర్గంలో ఒక పుట చదువుతాను. నకలు తీయడం సగం పనే. దానిని తిరిగి చదివిన నాడే అది మనదైనట్టు.