కొసరు

2016 నవంబరులో మైక్రోసాఫ్ట్ టీమ్స్‌ని ప్రకటించిన రోజే, స్లాక్ కంపెనీ న్యూయార్క్ టైమ్స్‌లో ఒక పూర్తి పేజీ ప్రకటన ఇచ్చింది. పోటీదారుకి రాసిన బహిరంగ లేఖ అది. రండి రండి అంటూనే, ఇలాంటి సాఫ్ట్‌వేర్ చెయ్యడం మీరనుకున్నంత తేలిక కాదు సుమా అని సలహాలు చెప్పే ధోరణి. ఇప్పుడు చదివితే ఆ ధీమాకి కాస్త జాలేస్తుంది, కాస్త ముచ్చటేస్తుంది కూడా. రాసింది చేసే పని మీద మమకారం ఉన్నవాళ్ళు మరి.

2019 జూన్‌లో స్లాక్ షేర్లు మార్కెట్లోకొచ్చాయి. రిఫరెన్సు ధర 26 డాలర్లయితే మొదటి లావాదేవీ 38.50 దగ్గర జరిగింది. మరుసటి నెలే మైక్రోసాఫ్ట్ ఒక అంకె వదిలింది: టీమ్స్‌ని రోజూ వాడేవాళ్ళు 1.3 కోట్ల మంది. స్లాక్ అప్పటిదాకా చెప్పుకున్నది కోటి పైచిలుకు. ఇక మదుపుదార్లు రెండు జట్లయ్యారు. స్లాక్ అలవాటైనవాడు దాన్ని వదలడు, ఇద్దరికీ చోటుంది అని ఒక జట్టు. ఆఫీస్ 365 ఎలాగూ కొంటున్న కంపెనీ, దాంతోపాటు వచ్చేదాన్ని కాదని వేరేదానికి డబ్బెందుకు కడుతుంది అని రెండోది. కూరగాయల బండివాడు కరివేపాకు కొసరుగా వేస్తుంటే, ఉత్త కరివేపాకు అమ్ముకునేవాడి గతేమిటన్నది వాళ్ళ వాదన. షేరు నెలల్లోనే 26కి దిగువకి జారింది.

స్లాక్ జవాబు నాకు భలే నచ్చింది. ఎంతమందని కాదు, ఎంతసేపు వాడుతున్నారో చూడండి అంది. డబ్బు కట్టి వాడేవాళ్ళు పనిరోజుకి 90 నిమిషాలకి పైగా అందులో నిజంగా పని చేస్తున్నారట. నవల ఎన్ని కాపీలు అమ్ముడైందని కాకుండా ఎంతమంది చివరిదాకా చదివారని అడగడం లాంటిదది. కానీ ఆ ప్రశ్న వెయ్యాల్సినవాళ్ళు కొనేచోట లేరు. ఆఫీసు సాఫ్ట్‌వేర్ కొనేవాడు వాడడు, వాడేవాడు కొనడు.

మా ఆఫీసులో ఇది ఒక శుక్రవారం మెయిల్‌తో తేలిపోయింది. సోమవారం నుంచి అందరూ టీమ్స్ అన్నారు. ఫలానా కోడ్ అలా ఎందుకు రాశామో వెతికితే దొరికే నాలుగేళ్ళ సంభాషణలు, ఎవరూ తెరవని ఒక ఫైలుగా మిగిలాయి. రెన్యువల్ షీట్లో ఒక వరస తగ్గింది, అంతే. ఆ షీటు నా చేతికిచ్చినా నేనూ ఆ వరసే కొట్టేసేవాణ్ణేమో.

2020 జులైలో స్లాక్ యూరోపియన్ కమిషన్‌కి ఫిర్యాదు చేసింది. ఆ డిసెంబరులో, సుమారు 2770 కోట్ల డాలర్లకి సేల్స్‌ఫోర్స్ చేతిలోకి వెళ్ళడానికి ఒప్పుకుంది. షేరుకి 26.79 డాలర్ల నగదు, పైన కొంచెం సేల్స్‌ఫోర్స్ వాటా. అంటే మంచి సరుకు నిలుస్తుందన్న జట్టుకి డబ్బులు బాగానే వచ్చాయి. వాళ్ళ లెక్క నెగ్గింది, వాళ్ళు చెప్పిన కారణం మాత్రం కాదు. విడిగా నిలబడటం కష్టమన్న జట్టు కూడా, మేం చెప్పలేదా అనుకునే ఉంటుంది. ఎవరు గెలిచారో నాకైతే ఇప్పటికీ తేలలేదు.

ఫిర్యాదు తన దారిన తను నడిచింది. టీమ్స్ లేని ఆఫీస్‌ని తక్కువ ధరకి అమ్ముతామన్న మైక్రోసాఫ్ట్ హామీని కమిషన్ 2025 సెప్టెంబరులో ఆమోదించింది. అప్పటికి స్లాక్ షేరన్నది మార్కెట్లో లేకుండా పోయి నాలుగేళ్ళు దాటింది.